ఊరి పేరు మారితే కోడ్‌ను ఎన్నిచోట్ల మార్చాలి?

అండమాన్ నికోబార్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు కేంద్రం 2024 సెప్టెంబర్ 13న ప్రకటించింది. అంతకుముందు 2018 డిసెంబర్ 30న రాస్, నీల్, హావ్‌లాక్ దీవులకు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్, షహీద్ ద్వీప్, స్వరాజ్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. ఇలాంటి మార్పులు వచ్చినప్పుడే సాఫ్ట్‌వేర్ కోడ్ ఎంత శుభ్రంగా ఉందో తేలిపోతుంది.

ఒకే చోట రాయాలి

విశాఖపట్నం నుంచి అండమాన్‌కు వెళ్లే ఓడ టికెట్లకు ఒక సాఫ్ట్‌వేర్ ఉందనుకుందాం. టికెట్, రసీదు, నెలవారీ నివేదిక, ఇలా ప్రతిచోటా ప్రోగ్రామర్ ‘పోర్ట్ బ్లెయిర్’ అని నేరుగా రాసేస్తే, మార్చేటప్పుడు ఏదో ఒకటి మిగిలిపోతుంది. అప్పుడు ఒకే ఊరు నివేదికలో రెండు ఊళ్లుగా కనిపిస్తుంది, ప్రయాణికుల లెక్క చీలిపోతుంది. ఒక సమాచారం ఒకే చోట ఉండాలన్న ఈ సూత్రాన్ని ఆండీ హంట్, డేవ్ థామస్ 1999లో ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చారు.

పేరు వేరు, గుర్తింపు వేరు

మద్రాసు 1996లో చెన్నై అయినా విమానాశ్రయం కోడ్ ఎంఏఏగానే ఉంది. పోర్ట్ బ్లెయిర్ కోడ్ ఐఎక్స్‌జెడ్. మారని కోడ్‌తో ఊరిని గుర్తించి, తెరపై చూపే పేరును విడిగా ఉంచితే మార్పు ఒక్క వరుసతో సరిపోతుంది.

వెతికి మార్చేస్తే చాలదా?

చాలదు. ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ దగ్గర రాస్, స్మిత్ అనే జంట దీవులున్నాయి. ‘రాస్’ కనబడ్డ ప్రతిచోటా పేరు మార్చేస్తే ఆ దీవి పేరూ పోతుంది. 2010లో ఇచ్చిన ధ్రువపత్రంలోని పాత పేరును కూడా అలాగే ఉంచాలి. అందుకే ఏ పేరు ఏ తేదీ నుంచి అమలైందో కూడా నమోదు చేయాలి.

అంకెలకూ అర్థం ఉండాలి

2006 వరకు ఈ దీవుల్లో రెండే జిల్లాలు, తర్వాత మూడయ్యాయి. కోడ్‌లో ఉత్త ‘2’ కనిపిస్తే అది జిల్లాల సంఖ్యో, టికెట్ల పరిమితో కొత్తగా వచ్చినవారికి తెలియదు. దానికి ‘జిల్లాల సంఖ్య’ అనే అర్థం వచ్చే పేరు పెడితే వివరణ అక్కర్లేదు. కోడ్ ఏం చేస్తోందో పేర్లే చెప్పాలి. ఎందుకలా చేయాల్సి వచ్చిందో కామెంట్ చెప్పాలి. మార్చిన ప్రతిసారీ పాత పనులన్నీ సరిగా నడుస్తున్నాయో లేదో ఆటోమేటిక్ పరీక్షలు చూడాలి.

కోడ్‌ను ఒకసారి రాస్తారు. దాన్ని ఏళ్ల తరబడి ఎవరెవరో చదివి, దిద్దుతుంటారు. శుభ్రత వారి కోసమే.