లక్కపిడతలు - కొయ్యబొమ్మ

బాలవాఙ్మయమును గూర్చి ప్రసంగము వచ్చినపుడు మన పెద్దలు మొదట స్మరించునది పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక'. 1853లో వెలువడిన ఆ గ్రంథపు వచనమునకు సాటి చెప్పుట కష్టము. అయినను చిత్రగ్రీవ హిరణ్యకులు, కరటక దమనకులు బడిపిల్లలకు చాలకాలము ప్రతిపదార్థములు వ్రాయవలసిన మాటలుగానే మిగిలిరి. బెత్తము చూపి కథ చెప్పించిన వారిది ఆ దోషము, సూరిది కాదు.

గౌతమికి ఆవల దంగేరు గ్రామమున 1891లో జన్మించిన చింతా దీక్షితులుగారు వృత్తిచే ఉపాధ్యాయులు. పిల్లల మొగములు దినదినము చూచినవారు. అందుచేతనే కాబోలు, బాలలకై వ్రాసిన యొక రచనకు 'సూరి, సీతి, వెంకి' అని పేరుంచిరి. ఇవి వీథి గుమ్మమున నిలిచి తల్లి కేకవేసి పిలుచు పేర్లు. గ్రాంథికాభిమానులు నొచ్చుకొన్నను, పిల్లలు తిరిగి చూచునది ఆ పిలుపునకే. మఱియొకదానికి 'లక్కపిడతలు' అని పేరు. ఆడపిల్లలు లక్కపిడతలలో ఉత్తుత్తి అన్నము వండుదురు, ఉత్తుత్తి విస్తళ్లలో వడ్డింతురు, వచ్చినవారిని బలవంతపెట్టి తినిపింతురు. ఆ యాటలో అతిథిపూజ యున్నది, పంచుకొని తినుట యున్నది. పాఠము చెప్పినవారు మాత్రము లేరు.

ఇటలీ దేశమునను ఇట్టి వాడొకడుండెను. ఫ్లారెన్సు నగరమున 1826లో జన్మించిన కార్లో లోరెంజీని, కొల్లోడి యను కలముపేరుతో మొదట బడిపుస్తకములు వ్రాసెను. 1881లో ఒక బాలల వారపత్రికలో పినోకియో యను కొయ్యబొమ్మ కథ ఆరంభించెను. బొమ్మ బడి యెగగొట్టును, తండ్రిమాట వినదు, దొంగల పాలగును. 15వ ప్రకరణమున చెట్టుకు ఉరివేయబడును. కథ అంతటితో ముగిసినది. తప్పునకు శిక్ష పడినది గనుక నీతి లెక్క సరిపోయినది. చదివెడి పిల్లలు మాత్రము ఆ లెక్కకు ఒప్పుకొనలేదు. బొమ్మ యేమయ్యెనని గోలపెట్టిరి. పత్రికవారు కోరగా కొల్లోడి బొమ్మను బ్రతికించి 1883 వఱకు కథ నడపెను. పెనుచేప కడుపున చిక్కిన తండ్రిని తెచ్చి, కాయకష్టము చేసి పోషించిన పిదపనే ఆ కొయ్య మనుష్యబాలుడైనది. పంట కళ్లమునకు రాకమునుపే శిస్తు అడిగినట్లు, కథ రుచింపకమునుపే నీతి అడిగిన చేతికి వచ్చునదేమి?

మన దేశమున న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రికను ఆరంభించి ఈ త్రోవను వెడల్పు చేసిరి. దీక్షితులుగారు 1960లో స్వర్గస్థులైరి.

కొన్ని పల్లె గ్రంథాలయములలో బాలల పుస్తకములను నలుగునని పై అరలో నుంచి తాళము వేయుచుందురు. ఈ రజతోత్సవమున కొనదలచిన వానినైనను పిల్లల చేతి కందు క్రింది యరలో, తాళము లేక, ఉంచుట మేలు.