సీలింగు ఫ్యాను - విద్యుత్ పొదుపు

సీలింగు ఫ్యాను ఇంటి పైకప్పుకు వేలాడదీసే విద్యుత్ పంకా. 1880లలో ఫిలిప్ డీల్ అమెరికాలో దీనిని రూపొందించాడు.

ఫ్యాను గదిని చల్లబరచదు. మోటారు వేడి వలన గది ఉష్ణోగ్రత స్వల్పంగా పెరుగుతుంది కూడా. గాలి తగిలి చెమట త్వరగా ఆవిరవడం వలన మనిషికి చల్లగా అనిపిస్తుంది. కాబట్టి ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను వలన విద్యుత్తు వృథా తప్ప ప్రయోజనం లేదు.

సాధారణ ఇండక్షన్ మోటారు ఫ్యాను సుమారు 75 వాట్లు, బ్రష్‌లు లేని డి.సి. మోటారు (బి.ఎల్.డి.సి.) ఫ్యాను సుమారు 30 వాట్లు వాడుకొంటాయి. రోజుకు 10 గంటల చొప్పున 300 రోజులకు మొదటిదానికి 225 యూనిట్లు, రెండవదానికి 90 యూనిట్లు ఖర్చవుతాయి. పాత పెట్టె రెగ్యులేటరు వేగం తగ్గించినా కొంత విద్యుత్తును వేడిగా పోగొడుతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులో ఈ నష్టం చాలా తక్కువ. భారతదేశంలో 2023 జనవరి 1 నుండి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది.

ఏసీతో పాటు ఫ్యాను వేసుకొంటే ఏసీని 22 డిగ్రీలకు బదులు 26 వద్ద ఉంచినా సుఖంగానే ఉంటుంది. ఏసీని మార్చకుండా ఫ్యాను వేస్తే మాత్రం ఖర్చు పెరుగుతుంది.

గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి శరీరాన్ని మరింత వేడెక్కించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఇది, ముఖ్యంగా వృద్ధుల విషయంలో, గమనించదగినది. అటువంటప్పుడు ఒంటిని తడిగుడ్డతో తుడవడం, తరచూ నీరు త్రాగించడం అవసరం.