వైరల్ ఫీవర్‌కు సూది వేయించుకుంటున్నారా? డెంగీ అయితే ప్రాణాల మీదకే!

వానాకాలం ముదిరిందంటే ఇంటింటా జ్వరాలే. వికారాబాద్ జిల్లా పెద్దేముల్ లాంటి మండలాల్లో ఒళ్లు కాలితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఊళ్లోని ఆర్‌ఎంపీనే. ఒక సూది, నాలుగు గోలీలు.. అప్పటికీ తగ్గకపోతే తాండూరు బస్సెక్కడం. పల్లెల్లో ఏళ్లుగా నడుస్తున్న అలవాటే ఇది. అయితే జ్వరం వైరస్ వల్ల వచ్చిందైతే ఆ సూదిలో ఏ మందు ఉందన్నదే అసలు ప్రశ్న.

యాంటీబయాటిక్ అయితే దండగే. బ్యాక్టీరియాకు సొంత గోడ, సొంత యంత్రాంగం ఉంటాయి.. మందు వాటినే దెబ్బతీస్తుంది. వైరస్‌కు అవేమీ లేవు. మన కణంలోకి దూరి, మన కణంతోనే తన కాపీలు తీయించుకుంటుంది. దాన్ని కొట్టబోతే మన కణానికీ దెబ్బే. యాంటీవైరల్ మందులు తక్కువగా ఉండటానికి, ఒక్కోటి ఒకటి రెండు రకాల వైరస్‌లకే పనిచేయడానికి ఇదే పెద్ద కారణం.

ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్‌నే తీసుకోండి. కణంలో తయారైన కొత్త వైరస్‌లు బయటకు వెళ్లకుండా అడ్డుపడుతుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. వికారం, వాంతులు రావచ్చు.. తిన్నాక వేసుకుంటే కొంత నయం. అమ్మవారు పోసినప్పుడు, సర్పికి ఇచ్చే ఎసైక్లోవిర్ దారి వేరు. వైరస్ కాపీ తీసుకునేటప్పుడు నకిలీ ఇటుకలా మధ్యలో దూరి పని ఆపేస్తుంది. కిడ్నీలపై భారం పడకుండా నీళ్లు బాగా తాగాలి. వేపాకు కట్టినా, పెద్దవాళ్లకు అమ్మవారు పోస్తే మాత్రం పొక్కులు కనిపించిన 24 గంటల్లోపే డాక్టర్‌కు చూపించాలి. ఇక కరోనా రోజుల్లో జనం పరుగులు పెట్టిన రెమ్‌డెసివిర్‌.. 2020 జూన్‌లో హైదరాబాద్ కంపెనీ హెటెరో కూడా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అదీ వైరస్ కాపీలను ఆపేదే, లివర్‌పై కన్నేసి ఉంచాల్సిన మందే.

మరి డెంగీకి? ఇప్పటికీ దాని వైరస్‌ను చంపే మందు లేదు. చికున్‌గున్యాకూ అంతే. జ్వరానికి పారాసిటమాల్, ఒంట్లో నీరు తగ్గకుండా ద్రవాలు.. వైద్యమంతా ఇదే. పెద్దవాళ్లకు 650 ఎంజీ గోలీ ఆరు గంటల గ్యాప్‌తో, రోజుకు నాలుగు మించకుండా. జలుబు గోలీల్లోనూ ఇదే మందు ఉంటుంది.. రెండూ కలిపి మింగితే లివర్‌కు ముప్పు. మద్యం అలవాటు, లివర్ జబ్బు ఉంటే డోసు డాక్టరే చెప్పాలి.

సూదితో ప్రమాదం ఇక్కడే. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అలాంటప్పుడు ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ సూది గానీ, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ గోలీలు గానీ పడితే కడుపులో రక్తస్రావం కావచ్చు. సూది వేసిన గంటకు చెమటలు పట్టి జ్వరం దిగడంతో పని చేసిందనుకుంటారు. తగ్గింది వేడే.. వైరస్ కాదు. కాబట్టి సూది వేసేముందే అందులో ఏముందో అడగాలి. డెంగీ అనుమానం ఉంటే తొలి ఐదు రోజుల్లోపే ఎన్‌ఎస్1 పరీక్ష చేయించుకోవాలి.

జ్వరం దిగిందని నిశ్చింతగా ఉండే టైమ్ కూడా కాదు. డెంగీ ముదిరేది ఎక్కువగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గుతున్నప్పుడే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, మగతగా పడి ఉండటం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.