బి.ఎం.డబ్ల్యు. ఇ9

బి.ఎం.డబ్ల్యు. ఇ9 జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1968 నుండి 1975 వరకు తయారుచేసిన రెండు తలుపుల కూపే కారు. "ఇ9" అనునది సంస్థ వాడుకొన్న సంకేత నామము. విపణిలో ఈ కార్లు 2800 సి.ఎస్., 3.0 సి.ఎస్., 3.0 సి.ఎస్.ఐ., 3.0 సి.ఎస్.ఎల్., 2.5 సి.ఎస్. అను పేర్లతో అమ్ముడయ్యాయి. మొత్తం ఉత్పత్తి సుమారు 30,500 కార్లు. సి.ఎస్.ఎల్. నమూనా 1973లో ఐరోపా టూరింగ్ కార్ల పోటీలలో విజేతగా నిలిచింది. రూపానికి, ఆరు సిలిండర్ల ఇంజనుకు ఎంత పేరు పొందినదో, తుప్పు పట్టడంలోనూ ఈ కారు అంతే పేరు పొందినది.

తుప్పుకు కారణాలు

ఈ కారు బాడీని ఓస్నాబ్రూక్ నగరంలోని కార్మన్ సంస్థ నిర్మించేది. ఉక్కు రేకుకు జింకు పూత పూయడం ఆ కాలంలో సాధారణం కాదు. రేకులను పెట్టెలవలె మడిచి అతికిన చోట్ల లోపలి వైపుకు తగిన రక్షణ ఉండేది కాదు. ఐరోపా, ఉత్తర అమెరికాలలో శీతాకాలమున మంచు కరగుటకు రోడ్లపై చల్లే ఉప్పు ఈ సందులలో చేరి తుప్పును వేగవంతం చేసింది.

ఈ కారుకు ప్రత్యేకమైన చట్రము లేదు; బాడీయే బరువును మోస్తుంది. పైగా ప్రక్క కిటికీల మధ్య నిలువు స్తంభము లేదు. అందువలన తలుపుల క్రింది గడప, నేల భాగములపై భారం అధికము. ఇవి బలహీనపడితే కారు నడుము వంగి తలుపులు సరిగా మూసుకొనవు.

తుప్పు పట్టే భాగాలు

* ముందు మడ్‌గార్డుల లోపలి భాగము: చక్రాలు చిమ్మిన బురద ఇక్కడ నిలిచి తేమను పట్టి ఉంచుతుంది. షాక్ అబ్సార్బరు పైకొన బిగించే చోటు తుప్పు పడితే కారు నడపడం ప్రమాదకరము.
* తలుపుల క్రింది గడప: ఇది పలు పొరల రేకుతో చేసినది. బయటి పొరపై బుడగ కనిపించేసరికి లోపలి పొరలు చాలా వరకు తినివేయబడి ఉంటాయి.
* తలుపుల అడుగు, వెనుక చక్రాల అంచులు: నీరు పోయే రంధ్రాలు పూడుకొనిపోవడం ఇక్కడ ముఖ్య కారణము.
* డిక్కీ: రబ్బరు పట్టీలు పాడైనపుడు అదనపు చక్రము ఉంచే గుంటలో నీరు నిలుస్తుంది.

యాంత్రిక సమస్యలు

ఇంజను బ్లాకు పోత ఇనుముతోను, సిలిండర్ హెడ్ అల్యూమినియం మిశ్రమంతోను చేయబడినవి. రేడియేటరు పూడుకొని ఇంజను అతిగా వేడెక్కితే హెడ్ వంగడం, పగుళ్ళు రావడం, గాస్కెట్ చెడిపోవడం జరుగుతాయి. నూనె పాలవలె తెల్లబడటం దానిలో నీరు కలిసినదనుటకు సూచన.

కామ్‌షాఫ్టుపై నూనె చిమ్మే గొట్టమునకు ఉన్న బోల్టులు కాలక్రమేణ వదులవుతాయి. నూనె అందక కామ్‌షాఫ్టు అరిగిపోతుంది. వాల్వుల సందు సరిచేయునపుడే ఈ బోల్టులను కూడా పరీక్షించవలెను.

కార్బురేటరు గల నమూనాలలో జెనిత్ కార్బురేటరు వేడికి వంగి గాలిని లోనికి లాగుట వలన ఇంజను నిలకడగా తిరగదు. సి.ఎస్.ఐ.లోని బాష్ ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థలో పాతబడిన తీగలు, వదులైన కలుపులు లోపాలకు కారణమవుతాయి.

పరిశీలన మరియు పునరుద్ధరణ

ఈ తరహా ఇంజనును బి.ఎం.డబ్ల్యు. ఇతర కార్లలో 1990ల ఆరంభం వరకు వాడినందున దాని మరమ్మత్తు తెలిసిన పని. బాడీ విషయం వేరు. కుళ్ళిన రేకును కోసి, కొత్త రేకును అతకవలెను. కోయుటకు ముందు బాడీకి ఆధారాలు పెట్టి, తలుపులను అమర్చి సందులు కొలవకపోతే బాడీ వంకర తిరుగుతుంది. అందువలన ఇంజను చెడిన కారుకన్నా బాడీ కుళ్ళిన కారును బాగుచేయడమే ఎక్కువ ఖర్చుతో కూడినది.

పుట్టీతో పూడ్చిన చోట అయస్కాంతము అంటుకొనదు. అయితే సి.ఎస్.ఎల్. తలుపులు, బానెట్ అల్యూమినియంతో చేసినవి కాబట్టి వాటిపై ఈ పరీక్ష పనికిరాదు. పైగా అల్యూమినియం, ఉక్కు తాకే చోట తేమ చేరితే అల్యూమినియం కూడా క్షయమవుతుంది. కొత్త రంగు వేసిన కారునైనా పైకెత్తి, క్రింది భాగమును చూచిన తరువాతే విలువ కట్టవలెను.

ఇవి కూడా చూడండి

* తుప్పు
* బి.ఎం.డబ్ల్యు.