ఊరు, వాడ

నెల్లూరునకును గూడూరునకును నడుమ నున్న మనుబోలు వంటి గ్రామములందు ఊరనునది యొకటి, వాడ యనునది మఱియొకటి. రెండును ఒకే గ్రామపు లెక్కలోనివే. అయినను ఊరను మాట ఒకవైపునకే చెల్లుచున్నది. ఆధిక్యమునకు వేఱు పేరక్కఱలేదు. అందఱి పేరే దాని పేరగును. గుర్తు తగిలింపబడునది వెలియైనవారికే. మన సాంఘిక చర్చలు చిరకాలము ఈ మాటల కట్టుబాటులోనే నడచినవి.

"పంచములు" అను పదమును చూడుడు. నాలుగు వర్ణములను లెక్కించి ముగించినపిమ్మట మిగిలినవారి కిచ్చిన అంకె యిది. ఈ పదముతో మొదలిడినవాడు ఎంత దయాళువైనను "వీరిని లోనికి రానిత్తమా?" యనియే యడుగును, "లెక్కించినవారెవరు?" అని యడుగడు. 1917లో బెజవాడయందు జరిగిన పంచమ మహాజనసభకు అధ్యక్షులైన భాగ్యరెడ్డివర్మగారు ఈ మూలమునే పట్టుకొనిరి. ఐదవ వర్ణము శాస్త్రములందు లేదనియు, తాము ఈ నేల తొలి నివాసులమనియు వాదించిరి. ఆ సభ ఆది ఆంధ్రసభ యయ్యెను. 1922లో చెన్నపురి ప్రభుత్వమును తన దస్తరములలో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ నామములను గైకొనెను. తొలినుండి యున్నవానిని లోనికి రానిచ్చుట యేమి? యాచన హక్కుగా మాఱుటకు ఆ పేరు తోడ్పడినది.

పిమ్మట గాంధీగారు "హరిజన" నామమును వ్యాపింపజేసిరి. అది ఆదరముతో పలికినదే. కాని 1938లో బొంబాయి శాసనసభ ఆ పదమును చట్టమున చేర్చబూనగా అంబేద్కరుగారు తమ పక్షముతో సభను వీడిరి. పేరెంత మధురమైనను, పెట్టువారొకరును మోయువారొకరును అగుట వారికి సమ్మతము గాలేదు.

ఈ దోషము మన దేశమున కొక్కదానికే చెందినది కాదు. అమెరికాలో చిరకాలము "నీగ్రో సమస్య" యని చర్చించిరి. అది తెల్లవారి మనస్సులోని సమస్యయని 1944లో గున్నార్ మిర్డాల్ ఒక పెద్ద గ్రంథము వ్రాసి చూపవలసివచ్చెను.

"పేరులో నేమున్నది? పని చేయుడు" అనువారు కలరు. పేరు మార్చి ఊరకుండుట నిష్ఫలమే. కాని మన రాజ్యాంగమునందలి 17వ అధికరణము మనుష్యులకు పేరు పెట్టలేదు. అంటరానితన మను ఆచారమును పేర్కొని దానిని రద్దుచేసినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమయ్యెను. చర్చ అంటరానివాని నుండి అంటనివానికిని, అచ్చటినుండి పౌరుని హక్కునకును మరలినది.

మాలవాడ, మాదిగవాడ యనబడిన చోట్లు హరిజనవాడలై, దళితవాడలై పేర్లు మార్చుకొన్నవి. ఊరు మాత్రము ఊరుగానే యున్నది. మార్పు కోరవలసినది ఇప్పుడు ఆ మాటయందే. మన యింటి బిడ్డ "మా ఊరు" అన్నప్పుడు వాడయు నందులో చేరినదా? చేరనంతవఱకు మన సంస్కరణము సగమే.