లేని సొమ్ముకు కాపలా

భద్రాచలం ఏజెన్సీలో, చర్ల, దుమ్ముగూడెం దారుల్లో ఆపదొస్తే జనం 108కే ఫోన్ చేస్తారు. 2005లో ఆ అంబులెన్సులకు ప్రాణం పోసింది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు. ఆ కంపెనీ లెక్కలు ఎందరు చదివారో గానీ, ఆయన పేరును మాత్రం మన్యం దాకా నమ్మారు. అందుకే ఆ కంపెనీ పతనం తలచుకున్నప్పుడల్లా నాకు కోపం కన్నా దుఃఖమే ముందొస్తుంది.

1987లో హైదరాబాదులో పుట్టిన కంపెనీ 2001 నాటికి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. 2008లో కార్పొరేట్ పాలన బాగుందంటూ గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. ఆ సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీటులో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు.

మదుపరి అన్ని అంకెలనూ ఒకేలా చదవడు. రావలసిన బాకీలు వసూలవుతాయా అని శంకిస్తాడు. లాభం చూసి, ఇది నిలిచేదేనా అని ఆరా తీస్తాడు. బ్యాంకులో డబ్బు అనేసరికి మాత్రం అతని చూపు ఆగదు. ఉన్నదేదో ఉంది, అందులో తరచి చూడడానికేముంది అనుకుంటాడు. ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి కొనే వ్యాపారి బస్తా కోసి, లోపలి కాయలు తీసి, తాలు ఎంతుందో చూడందే ధర చెప్పడు. సత్యం విషయంలో ఆ బస్తా కోయాల్సింది ఆడిటర్లు. బ్యాంకులకు తామే నేరుగా రాసి నిల్వలు నిర్ధారించుకోవాలి. సత్యం ఆడిటరు ప్రైస్ వాటర్‌హౌస్ ఆ పని చేయలేదని తర్వాత అమెరికా నియంత్రణ సంస్థ తేల్చింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు దొంగవి, ఇన్వాయిస్‌లూ వేలల్లో దొంగవే. వాటితో కూర్చిన లెక్కల కింద ఆడిటరు సంతకం ఉంది. ఆ సంతకాన్ని నమ్మినవాళ్లను అమాయకులనడం నాకు ఇష్టం లేదు. అది నమ్మడం కోసమే పెట్టిన సంతకం.

2008 డిసెంబరు 16న భూములు, నిర్మాణాల వ్యాపారంలో ఉన్న, రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. మా సొమ్ము మీ ఇంటి భూముల్లో పోస్తారా అని మదుపరులు భగ్గుమన్నారు. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడింది. గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. వాటాదారులు గెలిచారు. ఈ కథలో నన్ను కలచివేసేది ఆ గెలుపే. వాళ్లు అంత పోరాడి కాపాడుకున్న డబ్బు అసలు లేనే లేదు. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులను నింపడానికే ఆ కొనుగోలు తలపెట్టామని మూడు వారాలకు రాజే ఒప్పుకున్నారు.

ఆ ఒప్పుకోలు 2009 జనవరి 7న ఆయన రాసిన లేఖలోది. 5,361 కోట్లలో 5,040 కోట్లు లేవు. సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లు. ముందురోజు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40కి పడింది.

ప్రభుత్వం బోర్డును తప్పించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి కంపెనీని చేజిక్కించుకుంది. 2015లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుకు ఏడేళ్ల శిక్ష వేసింది. అమెరికాలో దావా వేసిన మదుపరులకు సత్యం 12.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అవే లెక్కలు చదివి, అదే సంతకాన్ని నమ్మి, ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో కూర్చుని ఇక్కడి ఎక్స్ఛేంజీల్లో షేర్లు కొన్న చిన్న మదుపరులకు అలాంటి పరిహారమేదీ దక్కలేదు.