‘ఇచ్చు’ క్రియ: రూపచరిత్ర, అర్థపరిణామం

నిమ్మనపల్లె పరిసర గ్రామాల్లో ‘నీళ్లియ్యి’, ‘ఇయ్యప్పా’ వంటి ప్రయోగాలు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. ఇదే రూపం విద్యార్థి రాతలో కనిపిస్తే దానిని ‘ఇవ్వు’ అని దిద్దడం పరిపాటి. ‘ఇవ్వు’ మూలరూపమని, ‘ఇయ్యి’ దాని గ్రామ్య వికృతి అని ఈ దిద్దుబాటు వెనుక ఒక భావన ఉంది. ఆ భావనకు భాషాచరిత్రలో ఆధారం ఉన్నదా లేదా అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం అనువైన క్షేత్రం. పడమట కన్నడం, దక్షిణాన తమిళం పొరుగు భాషలుగా గల సీమ ఇది. దానార్థక క్రియగా ఒకే ధాతువు ఈ మూడు భాషల్లోనూ ఉంది. కాని దాని స్థితి మాత్రం మూడింటిలో ఒకే తీరున లేదు.

శాసన సాక్ష్యం

తెలుగులో లభించిన తొలి శాసనాలు రేనాటి చోళులవి. వారి శాసనాల్లో పేర్కొన్న చిఱ్పులి, మదనపల్లె సమీపంలోని చిప్పిలి ఒకటేనని చరిత్రకారులు గుర్తించారు. కాబట్టి ఈ సీమకు ఆ తొలి తెలుగుతో సంబంధం ఉంది. కడప జిల్లాలోని ఎర్రగుడిపాడు శాసనం ఆరో శతాబ్ది చివరిభాగానికి చెందినదిగా భావిస్తున్నారు. అది భూదానాన్ని తెలిపే శాసనం. అందులో ‘ఇచ్చిన’ అనే క్రియాజన్య విశేషణం నేటి రూపంలోనే కనిపిస్తుంది. రాజులు, బిరుదులు, కొలతలు, భూమి పేర్లు మారినా దానం చెప్పే ఈ మాట సుమారు పద్నాలుగు వందల ఏళ్లుగా మారలేదు.

ధాతువు ఏది?

‘ఇచ్చు’ను యథాతథంగా మూలధాతువుగా గ్రహించలేము. వచ్చు–రా, తెచ్చు–తే, చచ్చు–చావు అనే జంటలను గమనిస్తే ‘చ్చు’ కొన్ని రూపాలకే పరిమితమని తెలుస్తుంది. ఇచ్చు విషయంలోనూ అంతే. ‘ఈఁడు’, ‘ఈయక’ అనే వ్యతిరేక రూపాల్లోను, ‘ఈవి’, ‘ఈగి’ అనే నామాల్లోను ‘చ్చు’ లేదు. తమిళంలో ఈ ధాతువు ‘ఈ’, దాని భూతకాల విశేషణం ‘ఈంద’. కన్నడంలో ధాతువు ‘ఈ’, విశేషణం ‘ఇత్త’. మూడు భాషలకూ సమానమైన అంశం దీర్ఘాచ్చు ‘ఈ’ ఒక్కటే.

ఈ నిర్ణయం మన ప్రశ్నకు నేరుగా సమాధానమిస్తుంది. ‘ఈ’ తరువాత అచ్చు వచ్చినప్పుడు నడుమ యకారమో వకారమో చేరుతుంది. పూర్వాచ్చు హ్రస్వమై, చేరిన హల్లు ద్విత్వం పొందితే ‘ఇయ్య’, ‘ఇవ్వ’ అనే రూపాలు ఏర్పడతాయి. ఇవి రెండూ తోబుట్టువులు. ‘ఇయ్య’ను ‘ఇవ్వ’ నుంచి సాధించవలసిన అవసరం లేదు. పైగా కావ్యభాషలోని ‘ఈయక’కు పల్లె నోటి ‘ఇయ్యక’యే దగ్గర.

లోపించిన తొలి హల్లు

‘ఈ’ కూడా తుది మూలం కాదు. గోండీ, కుయి భాషల్లో ఈ ధాతువు ‘సీ’. ఉత్తరాన కూడుఖ్, మాల్తో భాషల్లో చకారాదిగా ఉంది. బరో, ఎమెనో 1961లో ప్రకటించి 1984లో సవరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నిటినీ ఒకే పదకుటుంబంగా చూపింది. వీటిని బట్టి మూలద్రావిడ రూపాన్ని *చీ అని పునర్నిర్మించారు. చకారం సకారమై, హకారమై, చివరకు లోపించింది. తెలుగు ‘ఆరు’కు గోండీలో ‘సారుంగ్’ ఉండటం ఇటువంటిదే. స, హ, లోపం అనే దశలు గోండీ మాండలికాల్లో నేటికీ పక్కపక్కనే ఉన్నాయని భద్రిరాజు కృష్ణమూర్తి 1998లో నిరూపించారు. ఎర్రగుడిపాడు శాసనకాలానికే తెలుగులో ముగిసిన మార్పు గోండీలో మన కాలంలో సాగుతున్నది.

అర్థంలో వచ్చిన మార్పు

మూలద్రావిడంలో దానానికి రెండు ధాతువులు ఉండేవని ఎమెనో 1945లో ప్రతిపాదించారు. నాకు, నీకు ఇవ్వడానికి ‘తా’ వంటి ధాతువు. ఇతరులకు ఇవ్వడానికి *చీ. తొల్కాప్పియం ఈ, తా, కొడు అనే మూడింటిని అడిగేవాని అంతస్తును బట్టి విభజించింది. తక్కువవాడు ‘ఈ’ అని, సమానుడు ‘తా’ అని, అధికుడు ‘కొడు’ అని అడగాలి. తెలుగులో ఈ భేదాలు నిలవలేదు. ‘తా’కు సజాతీయమైన ‘తెచ్చు’ మరో అర్థానికి మళ్లింది. ‘ఇచ్చు’ పురుషభేదం, అంతస్తు భేదం లేకుండా అన్ని సందర్భాలకూ వ్యాపించింది. తమిళ, కన్నడాల నిత్యవ్యవహారంలో ‘కొడు’ స్థిరపడగా ‘ఈ’ సాహిత్యానికి పరిమితమైంది. అంటే సరిహద్దుకు ఆవల గ్రంథస్థమైన ధాతువు, ఈవల పల్లెల్లో నిత్యం పలికే మాట.

సజాతీయ భాషల్లో ఒకే క్రియ వేర్వేరు దారులు పట్టడం ద్రావిడానికే ప్రత్యేకం కాదు. నాలుగో శతాబ్ది గోతిక్ బైబిలులోని ‘గిబన్’, జర్మన్ ‘గేబెన్’, ఇంగ్లీషు ‘గివ్’ ఒకే కుటుంబం. పాత ఇంగ్లీషులో దీని తొలిధ్వని యకారం. నేటి గకారం స్కాండినేవియన్ల సాంగత్యం వల్ల వచ్చింది. జర్మన్‌లో ఇదే ధాతువు నుంచి పుట్టిన ‘గిఫ్ట్’, మందు మోతాదు అనే అర్థం గల ‘డోసిస్’ ప్రభావంతో నేడు విషానికి పేరైంది. ఇంగ్లీషులో అదే మాట కానుక. ఏ భాషలోనైనా ఒక రూపం శిష్టం కావడం, మరొకటి కాకపోవడం చరిత్ర చేసిన ఎంపిక. దాన్ని రూపాల యోగ్యతగా భ్రమించరాదు.

ముగింపు

‘పోనీ’, ‘రానీ’, ‘చూడనీ’ అనే అనుమత్యర్థక రూపాలను విడదీస్తే పోన్+ఈ, రాన్+ఈ, చూడన్+ఈ అవుతాయి. ‘పోవడానికి అవకాశమియ్యి’ అని వాటి అర్థం. ఏ ప్రత్యయమూ చేరని ఆ ఏకాక్షర ధాతువు ఈ రూపాల్లో నేటికీ సజీవంగా ఉంది. ‘ఇయ్యి’ని దిద్దే వ్యక్తి కూడా ‘పోనీలే’ అంటూ తెలియకుండానే దాన్ని పలుకుతాడు. శిష్టరూపంగా ‘ఇవ్వు’ను నేర్పడం ఉపాధ్యాయుని బాధ్యతే. కాని ‘ఇయ్యి’ తప్పు అని చెప్పడానికి భాషాచరిత్ర అనుమతినీదు. నిమ్మనపల్లె విద్యార్థి ఇంటినుంచి తెచ్చుకున్న మాట శాసనభాషకు వారసురాలు. ఈ సంగతి మొదట తరగతి గదిలో వినిపించాలి.